అర్థమైందా అంటే, అర్థమైందండీ

(శ్రీకాకుళంలో డిగ్రీ కళాశాలల సైన్సు అధ్యాపకుల ముందు ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మైకు నా చేతికిచ్చారు. సర్వీసంతా మధ్యాహ్నం మొదటి పీరియడు నాకే పడేది కాబట్టి ఈ కునికిపాట్లు నాకు అలవాటే. వెనక వరసల్లో వాళ్లు మొహమాటపడక్కర్లేదు. (నవ్వులు)

ముందుగా ఒక ప్రశ్న. జవాబు ఇప్పుడే చెప్పను. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి మనకి పక్కనే ఉంది. మార్చి 9, 10 తేదీల్లో పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయి. మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో తాకుతాయి. మబ్బు పడితే ఆ ఏడాదికి లేదు. మీలో చాలామంది తెల్లవారుజామునే క్యూలో నిలబడి చూసే ఉంటారు. నా ప్రశ్న ఏటంటే, మార్చిలో ఒకసారి తాకింది, బావుంది. రెండోసారి అక్టోబరు 1నే ఎందుకు? ఎ, ఆర్నెల్లకోసారి సూర్యుడు అదే చోటికి వస్తాడు కాబట్టి. బి, ఆ రెండు తేదీలూ డిసెంబరు 21కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి. సి, అవి పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు కాబట్టి. డి, ఆ రెండు రోజుల్లోనూ భూమి సూర్యుడికి ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి.

మీ కుర్చీల మీద రంగు అట్టలు పెట్టించాను. ఎరుపు ఎ, పసుపు బి, ఆకుపచ్చ సి, నీలం డి. పక్కవాళ్లతో మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆలోచించి ఎత్తండి. బోటనీ వాళ్లూ ఎత్తాలి. ఇది ఫిజిక్స్ కాదు, గుడి.

(కాసేపు నిశ్శబ్దం)

మంచిది. నాలుగు రంగులూ కనిపిస్తున్నాయి. ఎరుపు ఎక్కువగా ఉంది. దించేయండి. దీన్ని ఇక్కడ వదిలేద్దాం, మళ్లీ వద్దాం.

ఈ అట్టలు దేంతో చేశానో చూశారా? శుభలేఖలు. ఇంట్లో దొంతర్లు దొంతర్లు పడి ఉంటాయి. వెనకవైపు రంగు కాగితం అంటించాను. అమెరికాలో దీనికి క్లిక్కర్లని మీటలున్న పరికరాలు ఇస్తారు. క్లిక్కరు వాడినా, అట్టముక్క వాడినా పిల్లలు నేర్చుకునేదాంట్లో తేడా లేదని పోల్చి చూసినవాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి గ్రాంటు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

నాకిచ్చిన విషయం, కాలేజీ సైన్సులో బోధన పద్ధతుల్ని పోల్చడం. పోల్చడమంటే మనకి వెంటనే గుర్తొచ్చేది చాక్‌పీసా, ప్యానెలా అన్న గొడవ. అది పోలికే కాదు. నోట్సు డిక్టేట్ చేసేవాడు నల్లబల్ల మీద చేసినా, స్క్రీను మీద చేసినా చేసేది డిక్టేషనే. అసలు చూడాల్సింది ఆ యాభై నిమిషాలూ పిల్లవాడి బుర్ర ఏం చేస్తోందన్నది.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పారు. అటువంటి చోట పాఠమెలా ఉంటుంది? గురువు ఒక సంగతి వాయిస్తాడు, శిష్యుడు వాయించాలి. అపస్వరం పడితే అక్కడికక్కడే దొరికిపోతాడు, అక్కడికక్కడే దిద్దుతారు. ఏడాదంతా గురువొక్కడే కచేరీ చేసి, మార్చిలో శిష్యుడి చేతికి వయొలిన్ ఇచ్చి ఇప్పుడు నువ్వు వాయించు అంటే ఎలా ఉంటుంది? సైన్సులో మనం చేస్తున్నది అదే. కచేరీ మనది, పరీక్ష వాళ్లది.

నేనూ చాలా ఏళ్లు కచేరీయే చేశాను. బాగా చేశాను కూడా, అబద్ధమెందుకు. జోకులు వేసేవాణ్ణి, డెరివేషను పుస్తకం చూడకుండా బోర్డు ఈ చివర్నుంచి ఆ చివరికి రాసేవాణ్ణి. వెనక్కి తిరిగి అర్థమైందా అంటే, అర్థమైందండీ అని క్లాసంతా ఒక్క గొంతుతో అనేది. ఆ మాట నమ్మి నేను సుఖంగా ఇంటికెళ్లేవాణ్ణి.

ఆ సుఖం పోయిన రోజు చెబుతాను. ఒకసారి సెకండియర్ వాళ్లకి సరదాకి ఒక ప్రశ్న ఇచ్చాను. రణస్థలం దగ్గర హైవే మీద ఒక లారీ, ఎదురొచ్చిన స్కూటీని గుద్దింది. లారీ స్కూటీ మీద చూపిన బలం ఎక్కువా, స్కూటీ లారీ మీద చూపిన బలం ఎక్కువా, రెండూ సమానమా? న్యూటన్ మూడో నియమం వాళ్లు హైస్కూల్లో చదివారు, ఇంటర్లో చదివారు, నా దగ్గరా చదివారు. నియమం చెప్పమంటే నిద్రలో లేపినా చెబుతారు. అయినా సగం మందికి పైగా లారీ బలమే ఎక్కువ అని రాశారు. రాసినవాళ్లలో క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి ఉంది. పేపరిచ్చేటప్పుడు ఆ అమ్మాయి మెల్లగా అడిగింది: "మాస్టారూ, ఇది పరీక్షకి రాసినట్టు రాయాలా, నిజంగా జరిగినట్టు రాయాలా?"

నేను తెల్లబోయాను. తర్వాత ఎప్పుడో చదివితే తెలిసింది, హార్వర్డులో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరుకి 1990 ప్రాంతంలో సరిగ్గా ఇదే ఎదురైందట. మీరు చెప్పిన ప్రకారం రాయాలా, నేను అనుకునే ప్రకారం రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందట. హార్వర్డు ఎక్కడ, ఆమదాలవలస నుంచి బస్సులో వచ్చే మా అమ్మాయి ఎక్కడ! ఇద్దరి బుర్రలోనూ రెండు అరలే. ఒకటి పరీక్ష అర, ఒకటి లోకం అర. మన పాఠమంతా మొదటి అరలోకే వెళ్లి కూర్చుంటోంది.

మజూర్‌ని కదిపిన ఆ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. లెక్కలుండవు, సూత్రాలుండవు. లారీ, కారు, పైకి విసిరిన బంతి, ఇలాంటి మామూలు ప్రశ్నలే, బలం అంటే ఏమిటో నిజంగా తెలుసా లేదా అని తేల్చేవి. దాని మొదటి రూపం 1985లో వచ్చింది. డేవిడ్ హెస్టెనెస్, మరో ఇద్దరూ కలిసి 1992లో దాన్ని మెరుగుపరిచి అచ్చువేశారు. తప్పు జవాబులు కూడా పిల్లలు నిజంగా అనుకునేవే పెట్టారు. అందుకే గుడ్డిగా కొట్టేవాడి కంటే తప్పుగా నమ్మినవాడికి తక్కువ మార్కులు వచ్చే అవకాశం ఉంది.

ఆ పరీక్షని చేతిలో పెట్టుకుని ఇండియానా యూనివర్సిటీలో రిచర్డ్ హేక్ ఒక పెద్ద పోలిక చేశాడు. 1998లో అచ్చయింది. 62 కోర్సులు, 6,542 మంది విద్యార్థులు. కోర్సు మొదట్లో ఒకసారి పరీక్ష, చివర్లో ఒకసారి. ఇక్కడ ఆయన లెక్క నాకు చాలా నచ్చింది, మనమూ రేపట్నుంచి వాడొచ్చు. ఎన్ని మార్కులు పెరిగాయన్నది కాదు, తెలియనిదాంట్లో ఎన్నో వంతు నేర్చుకున్నాడన్నది. మొదట 40 వచ్చినవాడికి తెలియనిది 60. చివర్లో 55 వస్తే ఆ 60లో 15 సంపాదించాడు, అంటే నాలుగో వంతు, 0.25. ఇలా లెక్క కడితే, పాఠం చెప్పి ఊరుకున్న కోర్సుల్లో సగటు 0.23. క్లాసులోనే పిల్లల చేత ఆలోచింపజేసి, వాదింపజేసి, వెంటనే దిద్దిన కోర్సుల్లో 0.48.

మొదటి అంకె మళ్లీ వినండి. 0.23. సెమిస్టరంతా గొంతు చించుకుంటే తెలియనిదాంట్లో పావు వంతు కూడా లోపలికి పోలేదు. అందులో చెప్పినవాళ్లంతా చెత్తగా చెప్పినవాళ్లేం కాదు.

సరే, ఒక్క ఫిజిక్సే కదా, కెమిస్ట్రీ సంగతేమిటి, జువాలజీ సంగతేమిటి అని అడగొచ్చు. స్కాట్ ఫ్రీమన్, ఆయనతోపాటు మరికొందరు 2014లో సైన్సు, ఇంజనీరింగు, లెక్కల సబ్జెక్టుల్లో జరిగిన 225 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూశారు. ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు సగటున 33.8 శాతం, పిల్లల చేత పనిచేయించిన క్లాసుల్లో 21.8 శాతం. పరీక్ష మార్కులు సుమారు ఆరు శాతం మేర పెరిగాయి. మార్కుల కంటే ఆ ఫెయిలైనవాళ్ల లెక్కే నన్ను ఆపింది. మన దగ్గర ఫెయిలైన పిల్లవాడు చాలాసార్లు సప్లిమెంటరీ రాయడు. చెన్నైకో, హైదరాబాదుకో రైలెక్కేస్తాడు. ఆడపిల్లయితే పెళ్లి సంబంధం చూసేస్తారు.

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తాను. ఈ అంకెలు విని వెంటనే నమ్మేయకండి. పోల్చడమంటే తేలిక కాదు.

నేనూ పోల్చాను. ఎ సెక్షన్‌కి పాత పద్ధతి, బి సెక్షన్‌కి కొత్త పద్ధతి. సెమిస్టరు చివర చూస్తే ఎ సెక్షన్‌కే మార్కులు ఎక్కువ. ఇదేదో తెల్లోళ్ల గోల, మనకి పనికిరాదు అని రెండేళ్లు వదిలేశాను. తర్వాత నింపాదిగా ఆలోచిస్తే నా తెలివితక్కువతనం బయటపడింది. మా కాలేజీలో ఇంటర్ మార్కులు ఎక్కువున్నవాళ్లని ఎ సెక్షన్లో వేసేవారు. మొదట్లో పరీక్ష పెట్టి ఎక్కడ ఉన్నారో చూడలేదు. బి వాళ్లకి మధ్యాహ్నం క్లాసు. చివర్లో పెట్టిన పేపరు నిర్వచనాలూ డెరివేషన్లూ అడిగే మామూలు పేపరే. అంటే బట్టీని కొలిచే కుంచంతో అర్థాన్ని కొలిచాను. వడ్లు కొలిచే కుంచంతో పాలు కొలిస్తే ఏమవుతుంది?

కొలత గురించి జాగ్రత్తపడినవాళ్లు ఎలా చేశారో చూడండి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో కార్ల్ వీమన్ బృందం చేసిన పని 2011లో అచ్చయింది. వీమన్‌కి 2001లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. తర్వాత ఆయన బోధన మీద పడ్డాడు. రెండు సెక్షన్లు, ఒక్కోదాంట్లో 260 మందికి పైగా. పదకొండు వారాలు రెండు సెక్షన్లకీ మామూలు పాఠాలే. రెండూ సమానంగా ఉన్నాయని ముందే పరీక్షలు పెట్టి చూసుకున్నారు. పన్నెండో వారం ఒకే పాఠం, విద్యుదయస్కాంత తరంగాలు. ఒక సెక్షన్‌కి పిల్లలు ఎంతో మెచ్చుకునే అనుభవజ్ఞుడైన ప్రొఫెసరు లెక్చర్ చెప్పాడు. రెండో సెక్షన్‌కి బోధన అనుభవం పెద్దగా లేని ఒక కుర్ర పరిశోధకుడు వెళ్లాడు. ప్రశ్న వేయడం, పక్కవాళ్లతో చర్చ, ఓటు, వెంటనే వివరణ. తర్వాత పరీక్ష పెడితే లెక్చర్ సెక్షన్‌కి సగటు 41 శాతం, కుర్రవాడి సెక్షన్‌కి 74. గుడ్డిగా కొట్టినా 23 వచ్చే పరీక్ష అది.

ఒక్క వారమే కదా, కొత్త ఒక వింత కదా అని విమర్శలొచ్చాయి. రావాలి కూడా. ఇంకో సంగతి, ఇది ఆ పద్ధతి ప్రచారకులు తక్కువగా చెబుతారు. అమెరికాలో బయాలజీ చెప్పే మామూలు అధ్యాపకుల్ని లాటరీ తీసినట్టు ఎంపిక చేసి చూసిన అధ్యయనం ఒకటి 2011లోనే వచ్చింది. నేను యాక్టివ్ లెర్నింగ్, అంటే పిల్లల చేత పనిచేయించే పద్ధతి, ఎక్కువ చేస్తున్నాను అన్నవాళ్ల క్లాసుల్లో పిల్లలు ఎక్కువేమీ నేర్చుకోలేదు. ఎందుకంటే పద్ధతి పేరు ఒకటే, లోపల సరుకు వేరు. దాన్ని తయారుచేసినవాళ్ల చేతిలో పనిచేసింది, పేరు మాత్రం విని మొదలుపెట్టినవాళ్ల చేతిలో పనిచేయలేదు. మనకి కొత్తేం కాదు ఇది. కాలేజీలకి గ్రేడిచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారంటే కుర్చీలు గుండ్రంగా వేసి, గ్రూప్ డిస్కషన్ అని బ్యానర్ కట్టి ఫొటో తీయించుకున్న చేతులు ఈ హాల్లో చాలా ఉన్నాయి. నావీ ఉన్నాయి. (నవ్వులు)

ఇంకోవైపు అతి కూడా ఉంది. పిల్లలకి ఏమీ చెప్పకు, వాళ్లే కనుక్కుంటారు అనేవాళ్లు. 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అని ముగ్గురు దీని మీద గట్టిగా రాశారు. కొత్తగా నేర్చుకునేవాడికి చేసి చూపించిన లెక్క కావాలి, అడుగడుగునా చెయ్యి పట్టుకోవాలి అని. నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. లాగ్రాంజియన్‌ని ఎవడూ తనంతట తాను కనుక్కోడు. ఈత నేర్పడమంటే వంశధారలో తోసి ఒడ్డున కూర్చోవడం కాదు కదా.

మరి ఏది పనిచేస్తోంది? నాకు అర్థమైనంతవరకు, జవాబు తెలియకముందే పిల్లవాడు ఒక మాటకి కట్టుబడాలి. పైకి ఎత్తాలి. ఎత్తాక అది తప్పయితే ఒళ్లు మండాలి. ఆ మంటలో విన్న వివరణ నిలుస్తుంది. డెమాన్‌స్ట్రేషన్ల విషయంలో, అంటే క్లాసులో ప్రయోగం చేసి చూపించే విషయంలో, ఇది భలే తేలింది. 2004లో మజూర్ వాళ్లే పరీక్షించి చూశారు. ఊరికే డెమో చూసిన పిల్లలకీ, అసలు చూడని పిల్లలకీ అర్థమవడంలో పెద్ద తేడా లేదు. చూసేముందు ఏం జరుగుతుందో చెప్పండి అని అడిగి, తర్వాత చూపిస్తే తేడా వచ్చింది. అదే పరికరం, అదే బల్ల, మధ్యలో రెండు నిమిషాల ఊహ.

మజూర్ పద్ధతి పనిచేసే తీరు కూడా చెప్పేస్తాను, చాలా సులువు. ప్రశ్న వేస్తారు. ఎవడికివాడు నోరు మూసుకుని ఆలోచిస్తాడు. ఓటు. సరైన జవాబు 30 శాతం కంటే తక్కువ మంది చెబితే పాఠం మళ్లీ చెప్పాలి, పక్కవాడితో వాదించి లాభం లేదు, ఇద్దరికీ తెలియదు. 70 దాటితే ముందుకు పోవచ్చు. మధ్యలో ఉంటేనే, నీ జవాబు కాని వాడిని వెతుక్కుని వాదించు అంటారు. మళ్లీ ఓటు. ముందుగా ఆలోచించే ఆ మౌనం వదిలేస్తే క్లాసులో గట్టిగా అరిచేవాడిదే జవాబవుతుంది. మనవాళ్లు వదిలేసేది సరిగ్గా దాన్నే.

తెలిసినవాడు తెలియనివాడికి చెప్పేస్తున్నాడు, అంతే కదా, ఇందులో నేర్చుకున్నదేముంది అని నేనూ అనుకున్నాను. కొలరాడోలో జెనెటిక్స్ క్లాసులో ఇది చూశారు, 2009లో. చర్చ అయ్యాక అదే భావం మీద వేరే ప్రశ్న ఇచ్చి, ఒంటరిగా జవాబు రాయమన్నారు. గుంపులో మొదట ఎవరికీ జవాబు తెలియకపోయినా, వాదించాక చాలామంది సరిగ్గా రాశారు.

ఇక్కడ నేను మన నేల సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా పేపర్లలో ఇది ఉండదు, అక్కడ అవసరం లేదు. మన రాష్ట్రంలో 2021-22లో డిగ్రీలో చేరేవాళ్లందరికీ ఇంగ్లీషు మీడియమే పెట్టేశారు. మందసనుంచో, సీతంపేటనుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు నా ఎదురుగా కూర్చుంటాడు. నేను ఇంగ్లీషులో ఫోర్స్ అంటాను. వాడు పుస్తకంలో ఫోర్స్ అని రాసుకుంటాడు. వాడి ఊళ్లో బలం అంటే ఏమిటో, ఆ బలానికీ ఈ ఫోర్సుకీ ఎక్కడ పొత్తు కుదురుతుందో, ఎక్కడ కుదరదో మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాటే రాదు. అట్టలు పట్టుకుని వాదనలు మొదలయ్యాక నేను బెంచీల మధ్య తిరుగుతూ వినడం మొదలుపెట్టాను. లారీ ప్రశ్నకి ఇద్దరు కుర్రాళ్లు కొట్టుకున్నది నాకు ఇప్పటికీ గుర్తే.

"లారీ అంత బరువుంటాది, దానిదే ఎక్కువ గదరా."

"దెబ్బ ఏరు, బలం ఏరురా. స్కూటీ తేలిక గాబట్టి ఎగిరిపోనాది. అదే బలం లారీకీ తగిలీసింది, దానికేటవుతాది? చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

దెబ్బ ఏరు, బలం ఏరు. ఫోర్సుకీ, యాక్సిలరేషనుకీ ఉన్న తేడాని నేను అంత చక్కగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పగలిగేవాణ్ణి కూడా కాదు, ఎందుకంటే క్లాసులో నేను ఆ భాష మాట్లాడను. ఇంటికెళ్లి మాట్లాడతాను, క్లాసులో మాట్లాడను. గిడుగు రామమూర్తి గారు మన వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు. ప్రతి ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండ వేస్తాం. వేసి, మర్నాడు క్లాసులో యాస మాట్లాడిన పిల్లవాణ్ణి చూసి నవ్వుతాం.

పరీక్ష ఇంగ్లీషులో రాయాలి, ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, దాంతో నాకు తగువు లేదు. వాదన మాత్రం వాళ్ల మాటలో జరగనివ్వండి అంటున్నాను. ఆ రెండు అరల మధ్య గోడ కూలేది అక్కడే. పక్కవాడితో చర్చించే పద్ధతి అక్కడి కంటే ఇక్కడ ఎక్కువ పనిచేయాలని నా అనుమానం. రుజువు చేయలేను. ఈ హాల్లో ఎవరైనా కొలిస్తే సంతోషం, మంచి పీహెచ్‌డీ అవుతుంది.

ల్యాబు గురించి రెండు మాటలు, కాదు, కాస్త ఎక్కువే చెబుతాను, కడుపుమంట ఉంది. కాంపౌండ్ పెండ్యులం, అంటే ఊగే కడ్డీతో జి విలువ కట్టే ప్రయోగం. ప్రతి ఫస్టియర్ పిల్లవాడూ చేస్తాడు, రికార్డులో ఎడమ పక్క పెన్సిలుతో బొమ్మ వేస్తాడు, కుడిపక్క ప్రొసీజరు సీనియర్ రికార్డులోంచి కామాతో సహా దించుతాడు. జి విలువ, అంటే కింద పడే వస్తువు వేగం సెకనుకి ఎన్ని సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుందో అది? 980. అందరికీ 980. సరిగ్గా 980, లేదా 979.8. శ్రీకాకుళం అక్షాంశం దగ్గర జి విలువ నిజానికి సుమారు 978.5. ప్రామాణికం అని పుస్తకాల్లో వేసే 980.665 ఎక్కడో 45 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కలది. మన స్టాప్‌వాచీకి ఆ తేడా పట్టే సత్తువ లేదనుకోండి. 970 రావచ్చు, 990 రావచ్చు. కానీ మా పిల్లలకి ఎప్పుడూ 980 వచ్చేది. రీడింగులు వండుతారు. జవాబు ముందు రాసుకుని, అక్కడ్నుంచి వెనక్కి నడిచి టైము కాలమ్ నింపుతారు. వండడం ఎవరు నేర్పారు? 965 వస్తే మళ్లీ చెయ్యి అని నేనే పంపేవాణ్ణి. ఎందుకొచ్చింది అని ఒక్కసారి అడగలేదు.

2017లో హోమ్స్, వీమన్ వాళ్లు మూడు సంస్థల్లో తొమ్మిది ల్యాబు కోర్సుల్ని చూశారు. పాఠంలోని భావాన్ని బలపరచడానికి పెట్టిన ల్యాబులు. ల్యాబు చేసినవాళ్లకీ, చేయనివాళ్లకీ ఫైనల్ పరీక్షలో ఆ భావాల మీద తేడా ఎంత? కొలవగలిగినంత లేదు. చదివి నేను ఆశ్చర్యపోలేదు. వంటకాల పుస్తకంలా ల్యాబు నడిపితే వచ్చేది రికార్డే. రిటైరయ్యే ముందు మూడేళ్లు నేను ఒక చిన్న మార్పు చేశాను. పెండ్యులం ఇచ్చి, జి విలువ నాకు వద్దు, నీ కొలతలో ఎంత అనుమానం ఉందో అది చెప్పు అన్నాను. ఇరవై ఊపులు కొలిస్తే మేలా, యాభై ఊపులు కొలిస్తే మేలా, ఎంత మేలు? ఎక్కువ మార్కులు 980కి కాదు, ఆ వాదనకి. మొదటి నెల పిల్లలు బిక్కమొహాలు వేశారు. తర్వాత ఒకడు వచ్చి, సార్, ఫ్యాను ఆపితే రీడింగు మారుతోంది అన్నాడు. సర్వీసులో ఆ ల్యాబులో నేను విన్న మొదటి సైన్సు వాక్యం అది.

ఇక మీరు అడగబోయేవి నాకు తెలుసు. సిలబస్ ఎప్పుడవుతుంది సార్? అవ్వదు, పాత పద్ధతిలో అయితే. పీరియడుకి రెండు ప్రశ్నలు మించి వేయకండి. డెరివేషను బోర్డు మీద రాయడం మానేసి, మధ్యలో కొన్ని మెట్లు ఖాళీ వదిలిన జిరాక్సు ఇవ్వండి. ఖాళీలు వాళ్లు నింపాలి. నేను అలాగే పూర్తిచేశాను, చివర్లో కాస్త పరుగెత్తాను. అందరూ పరుగెత్తుతారు.

రెండోది, పిల్లలు ఒప్పుకోరు. నిజం. నా మీద ప్రిన్సిపాలు గారికి కాగితం రాసిచ్చారు, సారు పాఠం చెప్పడం లేదు, మా చేతే చెప్పిస్తున్నారు అని. చాలా బాధపడ్డాను. తర్వాత 2019లో హార్వర్డు నుంచి వచ్చిన పేపరు చూసి ఊరట కలిగింది. ఒకే పిల్లలకి ఒక పాఠం ధారాళంగా మాట్లాడే లెక్చరరు చేత చెప్పించారు, ఇంకో పాఠానికి వాళ్ల చేతే తంటాలు పడనిచ్చారు. తంటాలు పడ్డ క్లాసులోనే ఎక్కువ నేర్చుకున్నారు, పరీక్షలో తేలింది. ఏ క్లాసులో ఎక్కువ నేర్చుకున్నావు అని అడిగితే మాత్రం ధారాళంగా సాగిన క్లాసే అన్నారు. నా అర్థమైందండీ వెనకున్న రహస్యం అది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. నా వాగ్ధాటి నాకు సుఖంగా ఉంది, వాళ్లకీ సుఖంగా ఉంది. అర్థమవడానికీ, సుఖంగా ఉండడానికీ రుచి ఒకేలా ఉంటుంది. అందుకే ఫీడ్‌బ్యాక్ ఫారాలతో పద్ధతుల్ని పోల్చకండి. ఆ కాగితం వచ్చాక నేను చేసిన పని, మొదటి వారంలోనే ఈ సంగతి పిల్లలకి చెప్పేయడం. మీకు తికమకగా ఉంటుంది, ఉండాలి, ఎందుకో ఇదిగో అని. కాగితాలు ఆగాయి.

ఖాళీ పోస్టులు, గెస్టు ఫ్యాకల్టీ, ఒక్కరే మూడు పేపర్లు చెప్పడం, వాటి గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. వాటికి నా దగ్గర మందు లేదు.

సరే, ఆ గుడి దగ్గరకి వెళ్దాం. ఇప్పుడు మీ రంగు కాని రంగు ఎత్తినవాళ్లని వెతుక్కోండి. రెండు నిమిషాలు వాదించుకోండి. ఇంగ్లీషు అక్కర్లేదు.

(హాలంతా మాటలు)

చాలు, చాలు! ఇంత గోల మా క్లాసులో కూడా లేదు. ఎత్తండి. పసుపు బాగా పెరిగింది. ఎరుపు ఇంకా కొంత ఉంది. మూడో వరసలో మేడం గారు ఎరుపు నుంచి పసుపుకి మారారు. ఎందుకు మారారమ్మా? మైకు ఇవ్వండి.

(వినిపించలేదు)

రికార్డింగు కోసం నేను మళ్లీ చెబుతాను. మేడం గారు అంటున్నది, పక్కనున్న సార్ వేళ్ల మీద లెక్కపెట్టారట. మార్చి 10 నుంచి అక్టోబరు 2 దాకా 206 రోజులు, ఆర్నెల్లు కాదు. దాంతో ఎరుపు పోయింది. పగలూ రాత్రీ సమానమయ్యేది మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతంలో, కాబట్టి ఆకుపచ్చా పోయింది. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, దానికి అక్టోబరు 2 మూడు నెలల దూరం, మార్చి 10 రెండు నెలల పైచిలుకు, నీలమూ పోయింది. డిసెంబరు 21కి అటు 80 రోజులు, ఇటు 79. పొద్దు పొడిచే చోటు దక్షిణం వైపు జరుగుతూ పోయి, డిసెంబరు 21న ఆగి, వెనక్కి తిరుగుతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి ఆ గుమ్మం ఎదుటికి వస్తుంది, వచ్చేటప్పుడు ఒకసారి. ఊయల ఒకే చోటుని రెండుసార్లు దాటినట్టు. ఊయల మాట నాది కాదు, ఆ పక్క సార్‌ది. కెమిస్ట్రీయా మీది? బావుంది.

అయితే ఇంకొకటి. అదే గుడి తిన్నగా తూర్పుకే చూస్తూ ఉంటే ఏ తేదీల్లో తాకేవి? ఇంకాస్త ఉత్తరానికి తిప్పి కడితే? ఎంత తిప్పితే ఏడాదికి ఒక్క రోజే తాకుతుంది? ఇది నేను చెప్పను. టీ వచ్చింది, అట్టలు మీ దగ్గరే ఉంచుకుని వాదించుకోండి. కప్పులు ఆ కిటికీ దగ్గర ఉన్నాయి.